కదిరి దారిలో చెక్క రోలర్ కోస్టర్ ముచ్చట్లు

కదిరి లక్ష్మీనరసింహస్వామి రథానికి బ్రహ్మోత్సవాల ముందు మరమ్మతులు జరుగుతున్నాయని తెలిసి, చిన్నాన్నతో కలిసి అనంతపురంలో బస్సెక్కాను. ఆయన అమెరికాలోని ఒక వినోద పార్కులో చెక్క రోలర్ కోస్టర్‌ను, అంటే ఎత్తుపల్లాల పట్టా మీద జనం ఎక్కిన బండి దూసుకుపోయే కట్టడాన్ని, కనిపెట్టుకుని ఉండే బృందంలో చాలాకాలం పనిచేసి, పదవీ విరమణ తరువాత అనంతపురంలో స్థిరపడ్డారు. బత్తలపల్లి దాటాక, ఇనుముతో ఎంతటి కట్టడమైనా కట్టగలిగే ఈ కాలంలో ఇంకా చెక్క ఎందుకని అడిగాను.

"ఆ ఊగుడు కోసమేరా జనం వచ్చేది," అన్నారు. బండి పోతున్నప్పుడు కట్టడం కొంచెం కదిలేలాగే దాన్ని రూపొందిస్తారట. ఆ కదలికే రోజంతా బోల్టులను వదులు చేస్తూ ఉంటుంది. చెక్క వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోవడం దీనికి తోడవుతుంది. అందుకే పార్కు తలుపులు తెరవకముందే పనివాళ్లు సుత్తి, రెంచి పట్టుకుని పట్టా వెంబడి నడుస్తూ, అనుమానం వచ్చిన చోట కొట్టి చప్పుడు విని, వదులైన బోల్టును బిగించి, పుచ్చిన పలకకు గుర్తు పెడతారు. ఆ తరువాత ఖాళీ బండిని తిప్పి చూసిన మీదటే మనుషులను ఎక్కనిస్తారు.

పట్టా అంటే నేను రైలు పట్టాలాంటిదనుకున్నాను. నిజానికి అది ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన ఏడెనిమిది పొరల పలకలు, వాటిపైన చక్రాలు దొర్లడానికి సన్నని ఉక్కు పట్టీ. పై పొరలు కొంచెం బయటకు పొడుచుకుని ఉంటాయి. ఆ అంచు కిందుగా తిరిగే చక్రాలే బండి గాలిలోకి లేవకుండా పట్టి ఉంచుతాయి. ఈ ఏర్పాటుకు జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ పొందాడు. పల్లంలోకి దిగే చోటా మలుపుల్లోనూ దెబ్బ ఎక్కువగా తగులుతుంది కనుక, చలికాలంలో పార్కు మూసినప్పుడు ఆ భాగాలను విప్పి కొత్త పలకలు వేస్తారు.

మందు సంగతి వచ్చేసరికి చిన్నాన్న గొంతు పెరిగింది. పలకలను పెద్ద ఇనుప గొట్టంలో పెట్టి, లోపలి గాలి లాగేసి, బూజునూ పురుగునూ ఆపే మందును ఒత్తిడితో ఎక్కిస్తారు. అయితే ఆ మందు పలక నడిమధ్య దాకా చేరదు. పనిస్థలంలో కోసిన కొనలకూ, తొలిచిన బెజ్జాలకూ మళ్లీ కుంచెతో పూయకపోతే నీరు అక్కడినుంచే లోపలికి దిగుతుంది. తొందరపడే పనివాడు ఎగ్గొట్టేది ఈ ఒక్క పనేనని ఆయన ఫిర్యాదు. రంగు మాత్రం అందం కోసమేనని కొట్టిపారేశారు. నాకు అది పూర్తిగా నచ్చలేదు, ఎండా వానా నేరుగా తగలకుండా రంగు కొంతైనా అడ్డుపడుతుంది కదా.

కదిరిలో రథం దగ్గర పనిచేస్తున్న పెద్దాచారికి చిన్నాన్న ఇదంతా మళ్లీ చెప్పారు. ఆయన అంతా విని, "మీది దినామూ తిరుగుతాది సార్, అరుగుతాది. మాది ఏడాదంతా నిలబడే ఉంటాది. నిలబడిన చెక్కకే చెదలు పడతాది," అన్నారు. చిన్నాన్న ఒప్పుకోక తప్పలేదు. పెన్సిల్వేనియాలోని అల్టూనాలో 1902లో కట్టిన లీప్ ద డిప్స్ అనే కోస్టర్ 1985లో ఆగిపోయి, పెద్దయెత్తున మరమ్మతులు చేశాక గానీ 1999లో మళ్లీ తిరగలేదని ఆయనే చెప్పారు. న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో 1927 నాటి సైక్లోన్ నేటికీ నిలిచి ఉండటానికి, ఏటేటా జనం ఎక్కుతూ ఉండటం వల్ల మరమ్మతులకు డబ్బు, మనుషులు దొరకడమే కారణమని నాకనిపిస్తుంది.

ఆ తరువాత ఇద్దరూ నన్ను మరిచిపోయి, రథం ఇరుసు పక్కన కూర్చుని, బోల్టు బెజ్జాల్లో నీరు నిలవకుండా ఏం చేయాలన్న చర్చలో పడ్డారు. చిన్నాన్న తన మందుల పేర్లు చెబుతుంటే, ఆచారి మాత్రం బెజ్జాన్ని కొంచెం కిందికి వాలుగా తొలిస్తే సగం బాధ తీరుతుందని పట్టుబట్టారు.