డాక్టరుకు నా బరువే కనిపించింది

నాకు 46 ఏళ్లప్పుడు మలంలో రక్తం పడటం మొదలైంది. చూపించుకోవడానికి వెళ్తే, కనీసం బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేయకుండానే డాక్టరు "పైల్స్. ముందు బరువు తగ్గమ్మా, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు. అప్పుడు 92 కిలోలున్నాను. సిగ్గుతో తలూపి వచ్చేశాను. ఎనిమిది నెలలు ఆయనిచ్చిన మందే వాడాను.

ఆ ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. తిండి తగ్గించలేదు, నడక మొదలుపెట్టలేదు. చూసినవాళ్లంతా "భలే తగ్గారే, ఏం చేశారు?" అంటుంటే సంబరపడ్డాను. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని పట్టించుకోలేదు. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 7.4, ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. ఆ వారంలోనే కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. పెద్దపేగు చివరి వంపులో క్యాన్సర్ గడ్డ.

ఆపరేషన్, తర్వాత కీమో ఎలాగో గడిచాయి. ఆపరేషన్ అయిన నాలుగో రాత్రి మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

పేగు కోసి కలిపిన అతుకు లీకయితే ప్రాణం మీదికి వస్తుందని ముందే చెప్పారు. ఆ రాత్రి జ్వరం 102. గుండె దడదడ కొట్టుకుంటోంది. సీఆర్‌పీ బాగా పెరిగిందని నర్సు ఫోన్లో చెప్తుంటే విన్నాను. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఎంతుందో తెలిపే పరీక్ష అది. నా కడుపులోంచి ఒక గొట్టం సంచిలోకి వెళ్తుంది. అందులో పడే నీళ్లు చిక్కబడినా, రంగు మారినా అతుకు వదిలిందేమోనని అనుమానించాలి. అక్క అరగంటకోసారి ఫోన్ లైటు వేసి, ఆ సంచిని ఎత్తి చూసేది. "పల్చగానే ఉందే, భయపడకు" అనేది. మూడోసారి చెప్పేటప్పుడు దాని గొంతు వణికింది.

స్కాన్‌కి తీసుకెళ్లడానికి ఒక జూనియర్ డాక్టరు వచ్చాడు. నన్ను స్ట్రెచర్ మీదికి మార్చడానికి నలుగురు కావాల్సి వచ్చింది. "నోరు కట్టుకునుంటే ఇంతదాకా వచ్చేదే కాదు" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. నా చెయ్యి మాత్రం నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

లీకు కాదు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. దేవుడి దయ, యాంటీబయాటిక్స్‌తో తగ్గింది.

డిశ్చార్జి రోజు సర్జన్ గారిని అడిగేశాను, "నేను తినే తెచ్చుకున్నానా?" అని. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ పది నిమిషాలకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదట. ఇన్‌ఫ్లమేషన్ పెంచే రసాయనాలు వదులుతూ ఉంటుంది. "గాయానికొచ్చే వాపు మంటలాంటిది, పని అయ్యాక ఆరిపోతుంది. ఇది నివురుగప్పిన నిప్పు" అన్నారు. దానికితోడు ఇన్సులిన్ ఎక్కువై కణాలు త్వరత్వరగా పెరగడానికి ఊతమిస్తుంది. పీచు పదార్థం తింటే పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. పేగు లోపలి పొరకు అదే ఆహారం. ప్రాసెస్ చేసిన మాంసం రోజుకు 50 గ్రాములు తింటే రిస్క్ 18 శాతం దాకా పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో చెప్పింది. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు, ఉన్న రిస్కే అంత పెరుగుతుందని. "సన్నగా ఉండి, కూరగాయలే తినేవాళ్లకూ ఆపరేషన్లు చేశానమ్మా. నీకు ఎందుకొచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు" అన్నారు.

ఇంటికొచ్చాక కోపం మొదలైంది. బరువు వల్ల ఈ జబ్బు రిస్క్ ఎక్కువని చదువుకున్న డాక్టరే కదా మొదటాయన? అలాంటప్పుడు 92 కిలోల మనిషి రక్తం పడుతోందంటే అందరికంటే ముందు లోపల చూడాలి కదా! పేగు లోపల మొలిచే చిన్న కండను పాలిప్ అంటారు. అలాంటి మామూలు పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి చాలాసార్లు పదేళ్లు పడుతుంది. నా విషయంలో అంత టైమూ ముందే అయిపోయింది. మిగిలిన ఎనిమిది నెలలు ఆయన పోగొట్టాడు.

అందుకే చెప్తున్నాను. రక్తం పడినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గినా, కారణం తెలియకుండా ఐరన్ తగ్గినా, పైల్స్ అన్న మాటతో సరిపెట్టుకోకండి. కొలనోస్కోపీ అవసరమా అని నోరు తెరిచి అడగండి. నేనిప్పుడు ముడి ధాన్యాలు, పప్పులు తింటున్నాను, రోజూ నడుస్తున్నాను. అయినా ఇంకా లావుగానే ఉన్నాను.

తోబుట్టువులకూ రిస్క్ ఎక్కువని చెప్పారు. అక్క వెంటనే కొలనోస్కోపీ చేయించుకుంది, ఏమీ లేదు. తమ్ముడు మాత్రం "కొంచెం తగ్గాక వెళ్తానక్కా, ఇలా వెళ్తే తిడతారు" అని ఏడాది దాటేశాడు. వాడు నాకంటే లావు. చివరికి నేనే వెంటపెట్టుకుని వెళ్లాను. మత్తు సగం దిగుతుండగా, "రెండు పాలిప్స్ తీశారటక్కా" అన్నాడు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. రెండింట్లోనూ క్యాన్సర్ లేదు.