ఒక డిగ్రీ తేడాను నమ్మేముందు

గత వేసవిలో విశాఖ ఎంవీపీ కాలనీలోని మా పడకగది పైనున్న డాబాలో సగానికి ఒక్క పూత తెల్లసున్నం వేయించి, మిగిలిన సగాన్ని అలాగే వదిలి, గదిలో స్లాబు అడుగున రెండు వైపులా టీ రకం థర్మోకపుల్ (రెండు లోహాల తీగలు కలిసే కొస దగ్గర ఉష్ణోగ్రతను కొలిచే సాధనం) ఒక్కొక్కటి అతికించాను. మధ్యాహ్నం మూడు గంటలకు సున్నం వేసిన వైపు 1.8 డిగ్రీలు తక్కువగా చూపింది. సంతోషించాను గాని, ఆ తేడాలో సున్నం వాటా ఎంత, తీగల వాటా ఎంత అన్నది తేలకుండా ఆ అంకెను ఎవరికీ చెప్పడం న్యాయం కాదనిపించింది.

టీ రకంలో మొదటి తరగతి తీగకు అనుమతించిన దోషం ±0.5 డిగ్రీలు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1993లో వెలువరించిన, కొలతల్లో అనిశ్చితిని లెక్కగట్టే మార్గదర్శిక పద్ధతిలో, ఆ హద్దుల మధ్య ఏ విలువకైనా సమాన అవకాశం ఉందనుకుంటే, 0.5ను 3 వర్గమూలంతో భాగించగా 0.29 వస్తుంది. రెండు తీగలవీ వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 0.41, సుమారు 95 శాతం నమ్మకానికి దాన్ని రెట్టింపు చేస్తే 0.8. అంటే నా 1.8లో దాదాపు సగం సందేహమే.

అందుకని రెండు తీగలూ ఒకే చోట ఒకే అంకె చూపుతాయో లేదో చూడడానికి, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను గడ్డకట్టించి, దంచి, అదే నీటితో తడిపి ఫ్లాస్కులో నింపి, రెండు తీగల కొసలనూ దారంతో కలిపికట్టి ముంచాను. (హార్బరులో చేపలకు వాడే ఐసు సులువుగా దొరుకుతుంది గాని, ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీల దగ్గర నిలవదు.) అరగంట తర్వాత కూడా సున్నం లేని వైపు పెట్టిన తీగ రెండోదాని కంటే 0.4 ఎక్కువే చూపింది. ఆ మేరకు తీసివేస్తే మిగిలినది 1.4.

మన తీరంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. గోడ గుండా వేడి ఎంత పోతుందో కొలిచేటప్పుడు లోపలికీ బయటికీ 20 డిగ్రీల తేడా ఉండే చలిదేశంలో 0.8 అనిశ్చితి 4 శాతమే. ఏసీ లేని విశాఖ ఇంట్లో ఆ తేడా 3 డిగ్రీలే అయితే అదే అనిశ్చితి 27 శాతానికి చేరుతుంది.

లెక్కకు అందని దోషాలూ ఉంటాయి. మూడో రాత్రి ఉక్కకు టేపు వదులై, ఒక తీగ కొస స్లాబుకు అంగుళం కిందికి వేలాడుతూ ఫ్యాను గాలిని కొలిచింది. ఆ రీడింగులను పట్టికలోనే ఉంచి, పక్కన కారణం రాశాను. సగటులో మాత్రం కలపలేదు.