మూడు నుంచి రెండుకి: నా హెవీ లైసెన్స్ అనుభవం

మొన్న మంగళవారం నా హెవీ టెస్ట్ అయిపోయింది. పాసయ్యాను. ఆ వేడి మీదే రాసేస్తున్నా. నాలుగు రోజులాగితే కోపం చల్లారి అందరూ మంచోళ్లే అని రాస్తానేమోనని భయం.

ఆరేళ్లుగా గిద్దలూరు, కంభం, మార్కాపురం మధ్య పికప్ బండి తోలుతున్నా. దానికి లైట్ లైసెన్స్ సరిపోతుంది. 7,500 కిలోల లోపు బండికి విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (కిరాయి బండి తోలొచ్చని లైసెన్స్ మీద వేసే ముద్ర) అక్కర్లేదని 2024 నవంబర్లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. కానీ పికప్ కిరాయిలు ఇంటి ఖర్చుకే చాలట్లేదు. మా మేనమామ పనిచేసే ఓనర్ పన్నెండు టైర్ల బండికి డ్రైవర్ కావాలన్నాడు, హెవీ ఉంటేనే రమ్మన్నాడు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్తా. లైట్ లైసెన్స్ తీసుకుని ఏడాది అయ్యుండాలి, వయసు ఇరవై నిండాలి. ఎనిమిదో తరగతి నిబంధన 2019లోనే ఎత్తేశారు, చదువు లేదని ఏజెంట్ భయపెడితే నమ్మొద్దు. డాక్టర్ దగ్గర ఫారం 1ఏ (ఆరోగ్యం సర్టిఫికెట్), డ్రైవింగ్ స్కూల్లో ఫారం 5 (తోలడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్). ఎల్ఎల్ఆర్ వచ్చాక ముప్పై రోజులాగి స్లాట్. అంతే. దీనికి ఏజెంట్ మూడు వేలడిగాడు. పైసా ఇవ్వలేదు. ఫోన్లో నేనే చేసుకున్నా, మా వీధిలో ఇంకో ఇద్దరికి కూడా చేసిపెట్టా.

అసలు తంటా ఫారం 5 ఇచ్చే స్కూల్లో మొదలైంది. ఆ స్కూలు పేరు చెప్పను, వాళ్లకి ప్రచారం ఎందుకు. పన్నెండు వేలు తీసుకున్నారు. వాళ్ల లారీ వయసులో నాకంటే పెద్దది. గేర్ రాడ్డు మోచేతి పొడుగుంది, పైన గుండు మీద నంబర్లు ఎప్పుడో అరిగిపోయాయి. క్లచ్ తొక్కితే జిమ్‌లో బరువు తొక్కినట్టే. సింక్రో, అంటే గేర్ పళ్ల వేగం కలిపే రింగు, లేని గేర్ బాక్సు అని నాకెవరూ చెప్పలేదు. మాస్టర్‌కి తెలుసో లేదో కూడా అనుమానమే.

మొదటి గేర్ పడింది. రెండుకి లాగితే కింద ఇనుప డ్రమ్ములో రాళ్లు పోసి తిప్పినట్టు అరుపు. మాస్టర్ ఫోన్లోంచి తల ఎత్తకుండా "గట్టిగా లాగు" అన్నాడు. ఆయన నాలుగు రోజులు చెప్పిన పాఠమంతా ఆ రెండు మాటలే. నేనూ గట్టిగానే లాగా. మణికట్టు వాచింది, గేర్ మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే పడేది.

ఐదో రోజు రైల్వే బ్రిడ్జి ఎక్కించమన్నాడు. మూడో గేర్లో ఎక్కుతున్నా. సగానికొచ్చేసరికి ఇంజన్ మూలుగుతోంది, రెండుకి రావాలి. క్లచ్ తొక్కి రాడ్డు తీశా. న్యూట్రల్లోకి వచ్చింది, రెండులోకి పోనంటోంది. నెట్టా. అరిచింది. ఇంకోసారి నెట్టా. చెయ్యంతా అదిరింది. ఈలోపు బండి నిలబడిపోయి వెనక్కి జారడం మొదలైంది. బ్రేక్ మీద నిలబడ్డా. కంగారులో ఇంజనూ ఆగిపోయింది. వెనక పాలవ్యాను, రెండు ఆటోలు, దాని వెనక ఆర్టీసీ బస్సు. హారన్లు. మాస్టర్ ఏం చేశాడనుకున్నారు? దిగి, రోడ్డు పక్కన రెయిలింగ్ పట్టుకుని, ఈ బండికీ ఆయనకీ సంబంధం లేనట్టు నిలబడ్డాడు.

కండక్టర్ కిటికీలోంచి తల పెట్టి "నేర్చుకుని రోడ్డెక్కండ్రా" అని అరిచాడు. అది తట్టుకున్నా. ఆటోలో కూర్చున్న ఒకావిడ, నేను రోజూ మూటలు దింపే కొట్టామె, "అయ్యో, మన పికప్ అబ్బాయి గదా" అంది. జాలిగా అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

బస్సు వెనక లారీ క్లీనర్ పరిగెత్తుకొచ్చి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. ఆ లారీ డ్రైవర్, అరవై దాటిన పెద్దాయన, తలుపు తీసి "జరుగు నాయనా" అన్నాడు. స్టార్ట్ చేశాడు, ఒకటిలో కదిలించాడు. రెండు వేసేటప్పుడు నేను ఆయన కాళ్ల వంక చూస్తున్నా. ఎడమ కాలు కదల్లేదు! క్లచ్ లేకుండా, రెండు వేళ్లతో రాడ్డు ఇలా తీసి, ఒక్క క్షణం ఆగి, అలా పెట్టాడు. చప్పుడే లేదు. "చేత్తో గాదు, చెవుల్తో వెయ్యాల" అని బ్రిడ్జి దిగాక బండి నాకప్పగించి పోయాడు.

మర్నాడు ఆయన్ని వెతుక్కుంటూ పోయా. మార్కెట్ యార్డు దగ్గర టీ కొట్టు ఆయన అడ్డా. ఇటుకలు తోలే సొంత లారీ ఉంది, అదీ అట్టాంటి గేర్ బాక్సే. రెండు ఆదివారాలు ఖాళీ యార్డులో నన్ను తిప్పాడు. డబ్బులిస్తానంటే తిట్టాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. "కదిలే బస్సు ఎట్టా ఎక్కుతావు? దాంతోపాటు నాలుగడుగులు పరిగెత్తి ఎక్కుతావు గదా. నిలబడి దూకితే పళ్లు రాలతాయి. లోపల గేర్ పళ్లూ అంతే." చిన్న గేరుకి దిగాలంటే అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరగాలి. అందుకని క్లచ్ నొక్కి రాడ్డు న్యూట్రల్లోకి తియ్యాలి, క్లచ్ వదలాలి, రేజింగ్ కొట్టాలి (యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కాలి), మళ్లీ క్లచ్ నొక్కి గేర్ వెయ్యాలి. మధ్యలో క్లచ్ వదలకపోతే కొట్టిన రేజింగ్ గేర్ బాక్సులోకి చేరదు. నేను నాలుగు రోజులు చేసిన తప్పు అదే. పై గేరుకైతే రేజింగ్ వద్దు, ఇంజన్ చప్పుడు దిగేదాకా ఆగాలి. కొత్త బండ్లలో ఈ పరిగెత్తే పని సింక్రో రింగు చేస్తుంది. అరిగిపోయిన ఇత్తడి రింగు ఒకటి ఆయన టూల్ బాక్సులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. గాజంత ఉంది, లోపలి గీతలన్నీ నున్నగా అయిపోయాయి. "ఇది పోయిందంటే కొత్త బండీ మళ్లీ పాత బండే" అన్నాడు.

"నొక్కు, తియ్యి, వదులు, కొట్టు, నొక్కు, వెయ్యి." పక్కన కూర్చుని కోలాటానికి తాళం వేసినట్టు చెప్పేవాడు. రెండో ఆదివారం పదకొండు గంటలకి మూడు నుంచి రెండు చప్పుడు లేకుండా పడింది. ఆయనేమీ అనలేదు, బీడీ ముట్టించుకున్నాడు.

ఆ టీ కొట్టులో పాత గేర్ల మీద రోజూ పంచాయితీయే. ఒకాయన పాత లేలాండే మేలంటాడు, గేర్ మొండిదైనా మోసం చెయ్యదట. ఇంకొకాయన చిన్నప్పుడు చూసిన టాటా బండ్ల మీద ఒట్టేస్తాడు. 1954లో జంషెడ్‌పూర్లో బెంజి వాళ్లతో కలిసి మొదలుపెట్టిన లారీలు, 1969 దాకా ఆ పొత్తు నడిచింది. అందుకే ఆయనకి పాత టాటా ఇప్పటికీ "బెంజి బండే". నంద్యాల ఘాట్లో బేతంచెర్ల బండలు వేసుకుని దిగిన కథలు మాత్రం అందరివీ ఒకటే: ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలి, అదీ దిగుడు మొదలవ్వకముందే పైన వేసుకోవాలి. దిగుడులో న్యూట్రల్లో ఇరుక్కుంటే పాత బాక్సు మళ్లీ లోపలికి రానివ్వదు.

నేను గమనించింది ఒకటుంది. పాత గేర్లే గొప్ప, ఇప్పటి పిల్లలకి తోలడం రాదు అనేవాళ్లంతా బండి దిగేసినవాళ్లే. ఇంకా తోలుతున్న భాయ్ ఒకాయన ఎడమ మోకాలు పట్టుకుని "గొప్పతనం నువ్వే ఉంచుకో, నాకు ఆటో గేర్ బండియ్యి" అన్నాడు. నా ఓటు ఆయనకే. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్లో ఏసీ తప్పనిసరి అంటే కూడా నవ్వే పెద్దమనుషులున్నారు, డ్రైవర్ సుఖపడితే వీళ్లకేం నొప్పో!

ఇక టెస్ట్. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చదువుకుని పోయా. పెద్ద గేర్ నుంచి చిన్న గేరుకి త్వరగా మార్చడం, దిగుడులో మార్చడం, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించడం, అన్నీ అందులో ఉన్నాయి. స్కూలు లారీయే ఇచ్చారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పక్కనెక్కాడు. గ్రౌండ్ చివర చిన్న ఎత్తు. మూడు నుంచి రెండు. నొక్కు, తియ్యి, వదులు, కొట్టు, నొక్కు, వెయ్యి. వెన్నలో కత్తి దిగినట్టు పడింది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. గర్వంగా ఆయన వంక చూశా.

ఆయన ఫోన్లో ఎవరితోనో పెళ్లి భోజనాల గురించి మాట్లాడుతున్నాడు. "రివర్స్ తీసి ఆపు" అన్నాడు, సంతకం పెట్టించుకుని దిగిపోయాడు.

బయటికొచ్చి పెద్దాయనకి ఫోన్ చేశా. పాసయ్యానని చెప్పేలోపే అడిగాడు, "గేర్ అరిచిందా?"

"లేదు పెద్దాయనా."

"మరింకేంది" అని పెట్టేశాడు.