పొయ్యి పక్కన బూట్లు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో వాయుగుండం నాలుగో రోజు. మార్గశిరంలో ఈ ముసురేంటో! అయినా ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూర్చుని రాస్తున్నది వాన మీద కోపంతో కాదు. నడకలో తడిసిన బూట్లు పొయ్యి పక్కన పెట్టిందెవరో ఈ ఇంటి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కుడి బూటు కప్పలా నోరు తెరిచింది.

బూటు పైభాగాన్ని సోలుకి పట్టి ఉంచేది జిగురు. వేడి తగిలితే మెత్తబడుతుంది, రెండు అడుగులు వేయగానే ముక్కు దగ్గర విడిపోతుంది. తోలు బూటైతే మరీ ఘోరం. పైన బిరుసెక్కి పగుళ్ళు, లోపల తడి తడిగానే. బూటుకి కావలసింది వేడి కాదు బావూ, గాలి! ముసురులో గాలే నీళ్ళు మోస్తుంటుంది కాబట్టి వసారాలో వదిలేస్తే తెల్లారేసరికి ఎక్కడి తడి అక్కడే. లేసులు మొత్తం లాగేయాలి. నాలిక బయటికి మడిచి, లోపలి అట్ట తీసి గోడకి విడిగా నిలబెట్టాలి. పేపరు షీట్లు నలిపి ఉండలు చేసి వేళ్ళు పట్టేచోటు దాకా కుక్కాలి. గంటకల్లా ఉండలు బరువెక్కుతాయి, అప్పుడు తీసేసి కొత్తవి పెట్టాలి. అందరూ తప్పేది ఇక్కడే. ఒకసారి కుక్కి పడుకుంటారు, ఆ తడి కాయితం రాత్రంతా బూటుని ఆరనివ్వదు. మూడుసార్లు మార్చాక ఖాళీ చేసి, బూటు నోరు టేబుల్ ఫ్యాను వైపు తిప్పి పడుకోవచ్చు. మా ఇంట్లో తెలుగు పేపరు నిన్నటితో అయిపోయింది, ఇప్పుడు ఒడియా పేపరు కుక్కుతున్నాం. పీల్చడంలో తేడా ఏమీ లేదు.

ఇంత రభస ఎందుకంటే, వానకి భయపడి నడక మానేసేవాళ్ళు తక్కువ. మొదటిరోజు అందరూ సరదాగానే తడుస్తారు. రెండో పొద్దున చల్లటి తడి బూటులో కాలు పెట్టబుద్ధి కాక మానేస్తారు. మూడోరోజుకి అలవాటే పోతుంది. రెండు జతలుంటే రోజు మార్చి రోజు తొడగొచ్చు. నూలు సాక్సులు మాత్రం వద్దు. నీళ్ళు పట్టేసుకుని మడమ దగ్గర ఒరిసి బొబ్బలెక్కిస్తాయి. నైలాను కలిసినవో ఉన్నివో మేలు. వేళ్ళ సందుల్లో, మడమకి వేజలీను పల్చగా రాయాలి. ఇంటికి రాగానే సందులు తుడవకపోతే తెల్లగా నాని చర్మం ఊడుతుంది, ఆ పైన దురద.

రెయిన్‌కోటు మీద నా అభిప్రాయం ఒకటే. బయటి వాన ఆపి లోపల వాన కురిపించే సంచి. ప్లాస్టిక్ ఆవిరిని పోనివ్వదు. పదిహేను నిమిషాలు చురుగ్గా నడిస్తే చొక్కా చెమటతో తడుస్తుంది, ఆగిన రెండు నిమిషాలకి వణుకు.

వాన ఆపుతూనే ఒంటికి గాలాడనిచ్చే కిటుకు మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఊడ్పుల రోజుల్లో మళ్ళలో వంగిన ఆడవాళ్ళ నెత్తిన గిడుగు, అదే ఆకుల గొడుగు, ఉండేది గుర్తుందా? వెదురు బద్దలు సన్నగా చీరి, కళ్ళు కళ్ళుగా రెండు పొరలు అల్లి, మధ్యలో తాటాకో అడ్డాకో పరిచి అంచు బిగించేవారు. ఆకులు ఇంటి పెంకుల వరసలో, పైది కిందిదాని మీదకి వచ్చేలా ఉండాలి. తిరగేసి పరిస్తే నీరు సందులోకి దిగుతుంది. వేసుకున్నాక రెండు చేతులూ ఖాళీ. ఒంటికీ ఆకుకీ మధ్య ఖాళీలోంచి గాలాడుతుంది కాబట్టి చెమట పేరుకోదు. పర్లాకిమిడిలో గిడుగు అంటే రామమూర్తి పంతులుగారే ముందు గుర్తొస్తారు, ఇంటిపేరే గొడుగు! 1880లో మాస్టరుగా ఈ ఊరొచ్చి, సవర గిరిజనుల భాష కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైను మింగి చెవుడు తెచ్చుకున్నారు. సాయంత్రం నడిచేవాళ్ళు నిండు పంట్లాం వేసుకోండని ఊరికే అనడం లేదు. ఐదుంపావు దాటితే చీకటి, చీకటితో దోమ. లేత రంగు బట్టలైతే బండ్లవాళ్ళకీ కనపడతారు.

ఇంత పొగిడాక నిన్నటి గాలి గుర్తొచ్చింది. ఆ ఈదురుకి గిడుగు నెత్తిన నిలవదు, గొడుగు ఒక్క విసురుకి తిరగబడుతుంది. సరే, ఒప్పుకుంటాను, గాలి ఉన్నరోజు రెయిన్‌కోటే దిక్కు. అయితే ఒక సైజు పెద్దది కొనాలి, మెడ దగ్గర జిప్పు నాలుగు వేళ్ళు తెరిచి ఉంచాలి, లోపల నూలు బనీను బదులు పాలిస్టరుది వేయాలి. గడప దాటేటప్పుడు కొంచెం చలిగా అనిపిస్తే అదే సరైన కొలత, వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో ఉడికిపోతారు. వాయుగుండం మనకి దక్షిణాన సముద్రంలో ఉంటే ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. ముందు గాలికి ఎదురు వెళ్ళి, చెమట పట్టాక గాలి వీపున పెట్టుకుని రావాలి. ఇది తిరగేస్తే జలుబు ఖాయం అంటుంది అమ్మ. జలుబు సంగతి ఏమో గానీ వణుకు మాత్రం ఖాయం.

దారి సంగతి. మహేంద్రతనయ నది ఒడ్డున సిమెంటు మెట్లు ఈ వారం వద్దు, నాచు. రోడ్డు మీద తెల్లగీత కూడా జారుతుంది. మోకాలి కింద నీళ్ళే కదా అని దిగకండి, కాలవ పలక ఉందో లేదో కనపడదు. కాలికి పుండు ఉంటే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో జ్వరం పట్టుకోవచ్చు. కొండ కోసి వేసిన రోడ్ల వైపు అసలే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలోనే బరాఘర దగ్గర కొండచరియ మనుషుల్ని మింగింది. చిన్నరాళ్ళు దొర్లుతున్నా, గట్టు అడుగున కొత్తగా బురదనీరు ఊరుతున్నా వెనక్కి తిరగాల్సిందే. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపు శబ్దం వస్తే ఇంట్లోకి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

ఒకేసారి గంట నడవక్కర్లేదు. తెరిపి ఇచ్చినప్పుడల్లా పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు. వచ్చిన వెంటనే ముందు తల తుడుచుకుని, పొడిబట్టలు కట్టి, వేడి చోడి (రాగి) అంబలి.

పొయ్యి సంగతి మళ్ళీ ఆలోచిస్తే, బూట్లు ఉత్తినే వాకిట్లో పడేసి పోయినవాళ్ళ తప్పు కూడా కొంత ఉంది. పాపం, ఆయమ్మ ఆరాలనే పెట్టింది. విడిపోయిన ముక్కుకి పొద్దున చెప్పులు కుట్టేచోట చుట్టూ కుట్టు వేయించాలి, పై జిగురు ఒక్కటీ చాలదు. రెండో విడత కాయితాలు ఇప్పుడే తీశాను. ఎడమది ఇంకా చెమ్మగా ఉంది.