చివరి ముక్క పిల్లలకే: అంగన్‌వాడీలో మొదటి మూడు నెలలు

మూడేళ్ల పిల్లకు నిక్కరు వేయడం మన చేతికి పది సెకన్ల పని. అదే తను వేసుకుంటే నాలుగు నిమిషాలు. పదిహేను మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉన్నచోట ఎవరైనా ఈ లెక్క చూసుకుని తామే వేసేస్తారు. జూన్‌లో అలా వేసిన చెయ్యి మరుసటి మార్చిలోనూ వేస్తూనే ఉంటుంది. కొత్తగా చేరిన మూడేళ్ల పిల్లలు తమ పనులు తాము చేసుకునే స్థితికి రావడానికి నాకు దాదాపు మూడు నెలలు పడుతుంది. ఏ పని ఎలా మొదలుపెడతానో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

అన్నిటికీ కిటుకు ఒకటే. పనిని ముక్కలు చేసి, చివరి ముక్కను ముందుగా పిల్లకు వదలాలి. నిక్కరే చూడండి. మొదటి మూడు నాలుగు రోజులు తొడల దాకా నేను లాగుతాను, నడుం దాకా లాక్కోవడం పిల్ల పని. అది వచ్చాక మోకాళ్ల దగ్గర ఆపుతాను. ఆ తర్వాత చీలమండల దగ్గర. ఆఖరున నిక్కరును నేల మీద, ముందువైపు పైకి, నడుము పట్టీ పిల్ల వైపు ఉండేలా పరిచి ఊరుకుంటాను. మామూలుగా జరిగేది ఇందుకు తిరగబడిన పద్ధతి. "నువ్వే వేసుకో" అని మొదటి కాలి దగ్గరే వదిలేస్తాం. పిల్ల రెండు కాళ్లూ ఒకే కంతలో దూర్చి ఇరుక్కుంటుంది, ఏడుస్తుంది, మనం పూర్తి చేస్తాం. దానికి గుర్తుండేది ఇరుక్కుపోవడమే. చివరి ముక్క తనదైతే ప్రతిసారీ పని తన చేత్తోనే పూర్తవుతుంది, మర్నాడు మళ్లీ చెయ్యి చాపుతుంది. నడుముకు ఎలాస్టిక్ ఉన్న బట్టలైతేనే ఇది సాగుతుంది. హుక్కు, జిప్పు, బెల్టు ఉన్న జీన్స్ ప్యాంటు పుట్టినరోజుకే బాగుంటుంది, అదీ ఫోటో దాకానే.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో ఇచ్చిన ఆధారశిల పాఠ్యక్రమంలో మొదటి నాలుగు వారాలను పిల్లలు కొత్త చోటికి అలవాటు పడడానికే ఉంచారు. ఆ నాలుగు వారాల్లో అక్షరాల జోలికి పోకపోవడమే మంచిది. తల్లులు మొదటి వారంలోనే "అఆలు దిద్దిస్తున్నారా?" అని అడుగుతారు, అది వేరే సంగతి. మొదటి రెండు మూడు రోజులు తల్లి గానీ నాయనమ్మ గానీ కూర్చోవాలి. తర్వాత అరగంట బయటికి వెళ్లి రావాలి, ఆ తర్వాత గంట. వెళ్లేటప్పుడు పిల్లకు చెప్పే వెళ్లాలి. ఆటలో మునిగి ఉండగా చాటుగా జారుకుంటే ఆ పూటకు ఏడుపు తప్పుతుంది గానీ, మర్నాటి నుంచి పిల్ల కొంగు వదలదు, ఆటలోకే దిగదు. ఎప్పుడు వస్తారో చెప్పడానికి గంటలూ నిమిషాలూ పనికిరావు. "అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక అమ్మ వస్తుంది" అంటే మూడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. అన్నవేళకు రాకపోతే మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ లోపు గదిని సర్దాలి. ఒక్కొక్కరికి ఒక బొమ్మ గుర్తు ఇస్తాను: మామిడిపండు, చిలుక, గొడుగు, చేప. బ్యాగు తగిలించే కొక్కేం మీద, గ్లాసు మీద, కంచం అడుగున, చేతిగుడ్డ మీద, చెప్పులు పెట్టే చోట అదే బొమ్మ. పేరు చదవలేని పిల్ల తన వస్తువును ఎవరినీ అడక్కుండా తీసుకోవాలంటే వేరే దారి లేదు. కోడి, కోడిపిల్ల అంటూ ఒకేలా కనిపించే రెండు బొమ్మలు పెడితే రోజూ తగాదాలే. నాలుగో ఏట బొమ్మ కింద పేరు రాస్తాం, ఐదో ఏట బొమ్మ తీసేస్తాం. మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి కొక్కేలు నేల నుంచి 80 సెంటీమీటర్లకు మించకూడదు. చాలా చోట్ల కొక్కేలు పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఉంటాయి. వాటికి బ్యాగు తగిలించేది ఆయాయే.

చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న 20 లీటర్ల బకెట్టు చాలు. కుళాయి నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద కదలకుండా పెట్టాలి. గుండ్రంగా తిప్పే కుళాయి వద్దు, తడి చేత్తో చిన్న మణికట్టు తిప్పలేదు. పైకీ కిందికీ ఆడే పిడి ఉన్నది కొనండి. మనిషికి అర లీటరు వేసుకుంటే పదిహేను మందికి ఏడెనిమిది లీటర్లు, రెండుసార్లకు ఒక బకెట్టు సరిపోతుంది. అయిదు లీటర్ల డబ్బాకు తాడు కట్టి కాలితో కర్ర నొక్కితే నీళ్లు ఒలికే ఏర్పాటు కూడా మంచిదే గానీ, మూడేళ్ల పిల్లలకు కాలు, చెయ్యి ఒకేసారి ఆడించడం కష్టం. అది నాలుగు దాటినవాళ్లకు. నిండు సబ్బు చిన్న చేతిలో నిలవదు, జారి కాలవలో పడుతుంది. దాన్ని నాలుగు ముక్కలు కోసి, ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో వేసి కుళాయి పక్కన వేలాడదీస్తే వల మీద చేతులు రుద్దుకుంటే చాలు.

ఇక్కడా చివరి నుంచే. మొదట తుడుచుకోవడం నేర్పుతాను, తర్వాత నీళ్ల కింద కడుక్కోవడం, ఆ తర్వాత రుద్దుకోవడం. రుద్దడం 20 సెకన్లు ఉండాలి. సెకన్లు చెబితే లాభం లేదు, అందరూ కలిసి ఒకటి నుంచి ఇరవై దాకా నిదానంగా లెక్కపెడతాం. పిల్లలు అరచేతులే రుద్దుతారు, బొటనవేలు, వేళ్ల సందులు వదిలేస్తారు. బొటనవేలిని రెండో చేతి పిడికిట్లో పట్టుకుని తిప్పడం విడిగా చూపించాలి. తుడుచుకునే గుడ్డ ఎవరిది వాళ్లదే. అందరికీ ఒకే తువ్వాలు పెడితే ఒకరికి కళ్లకలక వచ్చిన వారంలో సగం సెంటరు ఖాళీ అవుతుంది, గజ్జీ అంతే. మొదటి వారం పదిహేను మంది చేతులు కడగడానికి అరగంట పడుతుంది. వంటయ్యే వేళను బట్టి అరగంట ముందే మొదలుపెట్టాలి తప్ప, ఆలస్యమవుతోందని ఆయా వరసగా నిలబెట్టి కడిగేయకూడదు. రెండో నెలకు అది పది నిమిషాలకు వస్తుంది.

నీళ్లు వంచుకోవడం పొడి సరుకుతో మొదలుపెడతాను. రెండు స్టీలు గ్లాసులు, అంచున్న పళ్లెం, గ్లాసులో సగానికి బియ్యం. ఒలికితే పళ్లెంలోనే పడుతుంది. శనగలు, బఠాణీలు ఎప్పుడూ ఇవ్వను, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. అవి తడికి ఉబ్బితే తీయడానికి డాక్టరే కావాలి. వారం తర్వాత అదే పళ్లెంలో మూతి ఉన్న చిన్న జగ్గు, అందులో నీళ్లు గ్లాసెడు మాత్రమే. జగ్గులో గ్లాసుకు మించి నీళ్లుంటే పొంగి ఒలకడం ఖాయం, ఎక్కడ ఆపాలో వాళ్లకు ఇంకా తెలియదు. పక్కనే ఒక తడిగుడ్డ ఉండాలి. ఒలికితే నేను కదలను, గుడ్డ వైపు చూస్తానంతే. మాంటిస్సోరి బళ్లలో ఈ వంచే పనులు, గుండీలు పెట్టే చట్రాలు మొదటి నుంచీ ఉన్నవే. ఆ పద్ధతి మొదలుపెట్టిన మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేదల వాడలో తొలి బడి పెట్టింది, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి రెండో ప్రపంచ యుద్ధ కాలమంతా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఖరీదైన చెక్క సామాను లేకపోతే ఈ పని కాదనుకోవడం మాత్రం మనం పెట్టుకున్న భ్రమ. పాత చొక్కా ముందు భాగాన్ని అట్టకు బిగిస్తే గుండీల చట్రం అయిపోతుంది.

గుండీలకు ఒక వరస ఉంది. ముందు అంటుకునే పట్టీ, తర్వాత టిచ్ బటన్లు, ఆ తర్వాత రెండున్నర సెంటీమీటర్ల పెద్ద గుండీలు, ఆఖరున చొక్కా గుండీలు. హుక్కులు, బూటు లేసులు ఐదేళ్లు దాటాకే. కాజా గుండీకన్నా కాస్త వదులుగా ఉండాలి, బిగుతైతే పిల్ల గుండీని లాగి పీకేస్తుంది. చలికాలంలో ముందు తెరుచుకునే స్వెట్టరుకు వేరే ఉపాయం: లోపలివైపు పైకి ఉండేలా నేల మీద పరిచి, మెడ భాగం పిల్ల పాదాల దగ్గర పెట్టాలి. వంగి రెండు చేతులూ దూర్చి తల మీదుగా వెనక్కి తిప్పితే స్వెట్టరు ఒంటి మీదకు వస్తుంది. ఇది వాళ్లకు గారడీలా ఉంటుంది, పది సార్లు విప్పి వేసుకుంటారు. చెప్పులకైతే రెండు చెప్పుల లోపల చెరి సగం బొమ్మ గీస్తాను. పక్కపక్కన పెట్టినప్పుడు సీతాకోకచిలుక పూర్తయితే కుడి ఎడమలు సరిపోయినట్టే.

భోజనం దగ్గర గొడవంతా అన్నం ఎలా కలుపుతామన్న దాన్ని బట్టి ఉంటుంది. పప్పు పలచగా ఉంటే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది, అన్నం పలుకుగా ఉంటే ముద్ద నిలవదు. మొదటి నెల అన్నం మెత్తగా, పప్పు గట్టిగా ఉండాలని ఆయాకు ముందే చెబుతాను. చారు, మజ్జిగ చివర. కంచానికి అంచు ఉండాలి, మొదట రెండు గరిటెలకు మించి వడ్డించకూడదు. గుట్టగా వడ్డిస్తే చూసే భయపడతారు, కలిపేటప్పుడు సగం కింద పోతుంది. చాలకపోతే "ఇంకొంచెం" అని అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. గుడ్డు వొలవడం వాళ్లకు ఇష్టమైన పని. ఉడికిన వెంటనే చల్లనీళ్లలో వేస్తే పెంకు తేలిగ్గా వస్తుంది, మరీ తాజా గుడ్డుకు తెల్లసొన పెంకుతో పాటు ఊడుతుంది. వెడల్పు కొస దగ్గర గాలి గది ఉంటుంది, అక్కడ నేను చిట్లగొట్టి ఇస్తే మిగతాది వాళ్లు వొలుస్తారు. వొలిచాక గుడ్డును నిలువుగా నాలుగు చీలికలు చేయాలి. మొత్తం నోట్లో పెట్టుకుంటే పొడిగా ఉండే పచ్చసొన గొంతులో అడ్డం పడుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గింజలు అలాగే ఇవ్వకూడదు, పల్లీపట్టీ ఇస్తే మెత్తగా దంచాలి. తింటున్నప్పుడు నడవనివ్వను, నవ్వించను.

ఎడమచేత్తో తినే పిల్లల్ని ఇంట్లో కొడతారు. తినే చెయ్యి విషయంలో పెద్దవాళ్లతో వాదించి గెలవడం కష్టం, నేను ప్రయత్నించను. క్రేయాను, కత్తెర, బంతి మాత్రం ఏ చేతితో పడితే ఆ చేతికే వదిలేయమని చెబుతాను. దానికి ఒప్పుకుంటారు.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది మరుగుదొడ్డి అలవాటు. పిల్లలు అక్కడికి వెళ్లనిది మొండితనంతో కాదు, ఎక్కువసార్లు భయంతో. గది చీకటి, గుంట పెద్దది, పాదాలు పెట్టే చోట్లు వాళ్ల కాళ్లకు మరీ ఎడం. తలుపు మూయకుండా, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ బిగిస్తే సగం భయం పోతుంది. చిన్న సైజు దొడ్డి లేని చోట ప్లాస్టిక్ పాటీ ఒకటి ఉంచుకోవాలి. "వస్తోందా?" అని అడిగితే అందరూ లేదంటారు, రెండు నిమిషాల్లో చాప తడుస్తుంది. అడగడం మానేసి వేళ పెట్టాను: రాగానే ఒకసారి, భోజనానికి ముందు, పడుకునే ముందు. తిన్న ఇరవై, ముప్పై నిమిషాలకు రెండుకి వచ్చే వీలు ఎక్కువ, ఆ వేళ గమనిస్తాను. ప్రతి పిల్లకూ రెండు నిక్కర్లు సంచిలో ఉండాలి. తడిపినప్పుడు తిట్లూ లేవు, జాలీ లేదు, "పొడి నిక్కరు తెచ్చుకో నాన్నా" అంటే చాలు. నీళ్లు పోసుకోవడం, నిక్కరు లాక్కోవడం వాళ్ల పని. కడగడం ఐదేళ్ల దాకా పెద్దవాళ్లు చూసుకోవాల్సిందే. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగాలని తల్లులకు కూడా చెప్పాలి, వెనక నుంచి ముందుకు కడిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు.

మాట్లాడే తీరులో మూడు మార్పులు చేసుకున్నాను. "నీళ్లు తాగుతావా?" అని కాకుండా "ఎర్ర గ్లాసులోనా, పచ్చ గ్లాసులోనా?" అంటాను. రెండే, మూడోది ఉండదు. చేయందించే ముందు మనసులో పది లెక్కపెడతాను, చాలాసార్లు ఏడు దగ్గరే పిల్ల దారి దొరకబుచ్చుకుంటుంది. "గుడ్, గుడ్" అనడం మానేసి "మూడు గుండీలూ నువ్వే పెట్టుకున్నావు" అని జరిగింది చెబుతాను. ఇందులో కష్టమైనది ఆ పది లెక్కపెట్టడమే, పని పూర్తి చేయాలని చేతులు దురదపెడతాయి.

ఇంటి సంగతికొస్తే, తినిపించేది నాయనమ్మే అయితే ఆమెతోనే మాట్లాడాలి. తల్లికి చెబితే అత్తా కోడళ్ల మధ్య పంచాయితీ అవుతుంది. "తినిపించొద్దు" అంటే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. "పెద్దమ్మా, మీరు కలిపి ముద్దలు చేసి కంచంలో పెట్టండి, నోట్లో పెట్టుకోవడం వాడికి వదలండి" అంటే ఆమె చేతికి పని ఉంటుంది, చివరి ముక్క పిల్లాడిదవుతుంది.

మూడు నెలలు ఇలా చేసినా పిలిస్తే తిరిగి చూడని పిల్ల, రెండు మాటలు కలిపి చెప్పలేని పిల్ల, వచ్చిన పని కూడా పోగొట్టుకుంటున్న పిల్ల ఉంటే అది నేర్పే లోపం కాకపోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద పనిచేసే వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతుంది. ఏ పని ఏ ముక్క దగ్గర ఆగిందో రాసి పెట్టుకుని ఆ బృందంలోని డాక్టరుకు చూపిస్తాను. "అల్లరి ఎక్కువ" అని చెబితే వాళ్లకు ఏమీ తెలియదు.

సంక్రాంతికి అమ్మమ్మ ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చిన పిల్లలు నిక్కరు పట్టుకుని నిలబడి మన వైపు చూస్తారు. అక్కడ అందరూ ముద్దు చేసి అన్నీ చేసిపెట్టి ఉంటారు. మళ్లీ మోకాళ్ల దగ్గర నుంచి మొదలుపెడితే మూడు రోజుల్లో పాత చోటికి వస్తారు.