24 మందిలో 17 సంతకాలు: కాఫీ షాపులో యూనియన్ కోసం తిరిగిన నా అనుభవం

అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు క్యాంపస్‌లోని కాఫీ షాపులో వారానికి 20 గంటలు పని చేసేదాన్ని. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లని క్లాసులు నడిచే రోజుల్లో అంతకు మించి చెయ్యనివ్వరు. ఆ షాపులో యూనియన్ పెడదామని తోటివాళ్లని కదిపే పని నా మీద పడింది. బ్రేక్‌లో అందరికంటే ఎక్కువ గొణిగేది నేనే కాబట్టి పడింది, అంతే.

గొణుగుడంతా క్లోపెనింగ్ గురించే. రాత్రి షాపు మూసి వెళ్లిన మనిషే తెల్లారగట్ల మళ్లీ వచ్చి తెరవాలి. క్లోజింగ్, ఓపెనింగ్ రెండూ ఒకరి నెత్తినే పడితే అక్కడివాళ్లు దాన్ని ఆ పేరుతోనే తిట్టుకుంటారు. పైగా సోమవారం నుంచి మొదలయ్యే షెడ్యూల్ శుక్రవారం రాత్రికి గానీ ఫోన్లో కనపడేది కాదు.

ముందు నాకే భయం. చదువుకోవడానికి వచ్చి ఈ గొడవలు ఎందుకని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి? యూనియన్ తరఫున మాకు సాయం చేసిన ఆర్గనైజర్ని మొదట అడిగింది అదే. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకి వర్తిస్తుందనీ, ఉద్యోగి ఏ దేశం వాడని అడగదనీ ఆయన చెప్పాడు. మా షాపుని నడిపేది యూనివర్సిటీ కాదు, కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు కంపెనీ. అదే ప్రభుత్వ యూనివర్సిటీయే నేరుగా జీతమిస్తే ఈ చట్టం కిందికి రాము, రాష్ట్ర చట్టం చూసుకోవాలి. చట్టం ఉందని తెలిసినా టెన్షన్ పోలేదనుకోండి. కానీ తర్వాత మా షాపులోనే ఉన్న తెలుగమ్మాయి, నాకంటే ఒక సెమిస్టర్ జూనియర్, "అక్కా, దీనివల్ల వీసాకి ఏమన్నా అవుతుందా?" అని అడిగినప్పుడు నీళ్లు నమలకుండా సమాధానం చెప్పగలిగాను.

మొదటి పని పేర్ల జాబితా. మేనేజర్ని తీసేస్తే 24 మందిమి. ఒక్కొక్కరి పేరు, ఏ షిఫ్ట్, ఎవరితో కలిసి భోంచేస్తారు, ఎవరి మాట వింటారు అన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. షెడ్యూల్ యాప్‌లో, కంపెనీ గ్రూప్‌లో ఒక్క ముక్క రాయకూడదు. పేరు పక్కన 1 నుంచి 5 దాకా అంకె వెయ్యాలి. మనతో పాటు పని చేసేవాళ్లు 1, ఊగిసలాడేవాళ్లు 3, గట్టిగా ఎదురు తిరిగేవాళ్లు 5. నేను నా స్నేహితులందరికీ ధైర్యంగా 1 వేసేశాను. ఆర్గనైజర్ జాబితా చూసి "వీళ్లలో ఇంకొకరితో మాట్లాడి వచ్చినవాళ్లు ఎంతమంది?" అన్నాడు. ఒక్కరూ లేరు. ఏడుగురిని 2కి మార్చాను.

మాట్లాడటంలో నా మొదటి ప్రయత్నం ఘోరం. రాత్రి షిఫ్ట్ కుర్రాడిని పార్కింగ్‌లో పట్టుకుని పావుగంట ఏకధాటిగా ఉపన్యాసం ఇచ్చాను. బఫలోలో ఎల్మ్‌వుడ్ అవెన్యూ స్టార్‌బక్స్‌లో 2021 డిసెంబర్‌లో 19-8 ఓట్లతో యూనియన్ గెలిచిందని, మొత్తం కలిపితే 27 ఓట్లే, అంటే దాదాపు మనంత షాపేనని, మనకీ జీతాలు పెరుగుతాయని. అంతా విని "ఎంత పెరుగుతుంది? ఎవరు చెప్పారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. తర్వాత రెండు వారాలు నన్ను చూస్తే చాలు, ఫ్రిజ్ సర్దే పని గుర్తొచ్చేది అతనికి.

ఎప్పుడు, ఎక్కడ మాట్లాడాలన్నది కూడా తెలిసి ఉండాలి. పని సమయంలో పని చెయ్యమని కంపెనీ అనొచ్చు. బ్రేక్‌లో మాత్రం షాపు లోపలైనా సరే, యూనియన్ గురించి మాట్లాడుకోవడాన్ని మామూలుగా ఆపలేరు. కౌంటర్ దగ్గర ఫుట్‌బాల్ కబుర్లు చెప్పుకోనిచ్చి, యూనియన్ మాటొక్కటే వద్దనడమూ కుదరదు. ఒకరి జీతం ఒకరు చెప్పుకోకూడదని మా మేనేజర్ మొదటి రోజే అన్నాడు. అలా అనడం కూడా చట్టప్రకారం తప్పేనని నాకు ఏడాది తర్వాత తెలిసింది.

జాబితాలో అసలు చిక్కు ఓపెనింగ్ షిఫ్ట్ పెద్దావిడ. అందరికంటే సీనియర్, తక్కువ మాట్లాడుతుంది. నేనేమో ఆవిడకి చూడకుండానే 4 వేశాను. కానీ ఎవరిని అడిగినా చివరికి "ఆవిడ ఏమంది?" అనేవారు. కొత్తవాళ్లకి ఎస్ప్రెస్సో మెషిన్ నేర్పింది ఆవిడే. కస్టమర్ అరిస్తే మమ్మల్ని వెనక్కి పంపించి తను ముందుకొచ్చేది ఆవిడే. ఆవిడ కదలకపోతే పొద్దుటి షిఫ్ట్ మొత్తం కదలదని నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

ఒక రోజు షిఫ్ట్ అయ్యాక వెనక మెట్ల మీద కూర్చుని చెయ్యి చూసుకుంటోంది. మణికట్టు లోపలి వైపు బొటనవేలంత ఎర్రటి గీత. పాలు వేడి చేసే స్టీమ్ గొట్టం తగిలింది. దాని పైన పాత మచ్చలు ఇంకో రెండు. నేను ఈసారి ఉపన్యాసం ఎత్తుకోలేదు. "ఇది ఎప్పుడు తగిలింది?" అన్నాను. చెప్పింది. మూడు గంటలు నిద్రపోయి వచ్చిన పొద్దున. తర్వాత చాలాసేపు ఆవిడే మాట్లాడింది, నేను విన్నాను. చివర్లో, "నాకు యూనియన్ అక్కర్లేదు. నాకు ఆదివారం కావాలి. మనవడు వచ్చేది ఆ ఒక్క రోజే. యూనియన్ వస్తే ఆదివారం ఇస్తారా?" అంది.

ఇస్తారని నోటిదాకా వచ్చింది. రాత్రి షిఫ్ట్ కుర్రాడు గుర్తొచ్చాడు. "ఇస్తారని నేను చెప్పలేను. గెలిస్తే కంపెనీ మనతో కూర్చుని బేరం ఆడాల్సి వస్తుంది. అందులో ఆదివారం అడగొచ్చు. ఇప్పుడైతే అడిగే చోటే లేదు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, "అబద్ధం చెబుతావనుకున్నాను" అని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఆప్రాన్ జేబులోంచి కార్డు, అంటే యూనియన్ కావాలని సంతకం పెట్టే కార్డు, తీసి నాకిచ్చింది. సంతకం, తేదీ రెండూ ఉన్నాయి. ఆ వారంలోనే పొద్దుటి షిఫ్ట్ నుంచి ఇంకో ఐదు వచ్చాయి. అందులో మూడు నేను అడగనివి.

తేదీ అని ఎందుకు ప్రత్యేకంగా చెబుతున్నానంటే, తేదీ లేని కార్డు లెక్కలోకి రాదు. ఒక అబ్బాయి సంతకం పెట్టి తేదీ వదిలేస్తే మళ్లీ వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఆ కార్డులు కంపెనీకి చూపించరు, ఈ ఎన్నికలు జరిపే ప్రభుత్వ సంస్థ, జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకే ఇస్తారు. యూనియన్ కావాలా వద్దా అని ఎన్నిక పెట్టమని అడగడానికి 30 శాతం చాలు, అంటే మాకు 8 కార్డులు. నాకు ఆత్రం. ఆర్గనైజర్ మాత్రం 70 శాతం దాటేదాకా దరఖాస్తు మాటెత్తనివ్వలేదు. దరఖాస్తుకీ ఓటుకీ మధ్య కొందరు జారిపోతారని, ఓడిపోతే మళ్లీ ఏడాది దాకా ఎన్నిక ఉండదని. 17 కార్డుల దగ్గర దరఖాస్తు వేశాం.

ఆ తర్వాత మేము ఎప్పుడూ చూడని పెద్ద మేనేజర్లు వచ్చారు, ఉచితంగా పిజ్జాలూ వచ్చాయి. చట్టం ప్రకారం వాళ్లు బెదిరించకూడదు, ఎవరు ఎటువైపని ఆరా తియ్యకూడదు, ఆశ చూపించకూడదు, నిఘా పెట్టకూడదు. వాళ్లు ఏమేం అంటారో మేము ముందే అనుకుని ఉన్నాం: మనమంతా ఒక కుటుంబం, యూనియన్ అంటే చందాలు గుంజే బయటివాళ్లు, మాకు ఇంకొక్క అవకాశం ఇవ్వండి. మీటింగ్‌లో రెండోది రాగానే పెద్దావిడ నావైపు చూసి రెండు వేళ్లు చూపించింది. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాల్సి వచ్చింది.

ఓటింగ్ స్టోర్ రూమ్‌లో పెట్టారు. కప్పుల పెట్టెల మధ్య మడత బల్ల, దాని మీద అట్ట అడ్డం, బోర్డు నుంచి వచ్చిన ఒకావిడ. కాగితం మీద రెండు గళ్లు. నేను గీత వంకరగా గీశానేమో, చెల్లదేమో అని సాయంత్రం దాకా ఒకటే గుబులు. లెక్క తేలింది: 15 అవును, 7 కాదు, ఇద్దరు రాలేదు. చేతిలో కార్డులు 17, పెట్టెలో ఓట్లు 15. తేడా ఎవరో కనిపెట్టాలని నాకు చాలా అనిపించింది. రహస్య ఓటు కదా, వదిలెయ్యమన్నారు. వదిలేశాను గానీ ఇప్పటికీ ఒక్కోసారి ఆ నోట్‌బుక్ తీసి చూస్తాను.

నేను డిగ్రీ అయిపోయి వచ్చేశాను. ఒప్పందం ఇంకా కుదరలేదు. బేరానికి కూర్చునే కమిటీలో పెద్దావిడ ఉంది, రాత్రి షిఫ్ట్ కుర్రాడూ ఉన్నాడు. వాళ్లు రాసిన మొదటి డిమాండు షెడ్యూల్ రెండు వారాల ముందే చెప్పాలని, రెండోది క్లోజింగ్‌కీ ఓపెనింగ్‌కీ మధ్య కనీసం 10 గంటలు ఉండాలని. పోయిన నెల ఆవిడకి మెసేజ్ పెట్టాను, ఆదివారం సంగతేమిటని. "నాలుగో పేజీలో ఉంది" అని జవాబిచ్చింది.