ముందు మన్యం, ఆఖర్న సముద్రం: ఒక బండి, ఇద్దరు, నాలుగు రోజులు

విశాఖలో బయల్దేరి అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి తిరిగి, నర్సీపట్నం దిగి, కొండకర్ల ఆవ చూసుకుని తంతడి తీరానికి, అక్కణ్నుంచి ఇంటికి. మొత్తం నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆలుమగలు ఒకే బండి మీద గుడారం కట్టుకుని తిరగడానికి ఉత్తరాంధ్రలో ఇంతకు మించిన చుట్టు లేదని మా అభిప్రాయం. కొండ, చెరువు, సముద్రం మూడూ దొరుకుతాయి.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి రోజే బీచ్‌లో దిగి, తడి బట్టలు సంచిలో కుక్కి కొండెక్కుతారు. ఉప్పు గాల్లోని చెమ్మని పీల్చుకుంటుంది కాబట్టి సముద్రపు నీళ్లలో తడిసిన బట్ట మన్యం చలికాలంలో ఆరదు. చైన్‌కి పట్టిన ఇసుక ఘాట్ మొత్తం పళ్లను అరగదీస్తుంది. సముద్రం ఆఖర్న పెట్టుకుంటే ఆ ఉప్పూ ఇసుకా తిన్నగా ఇంటికే వస్తాయి, పంపు కింద కడిగేసుకోవచ్చు.

వెళ్లాల్సిన కాలం నవంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా. డిసెంబర్ వరకూ బంగాళాఖాతంలో వాయుగుండాలు తప్పవు. అల్పపీడనం అన్న మాట వినగానే వారం వాయిదా వేయండి, ఘాట్‌లో వానకి మట్టి జారితే దారి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా శని ఆదివారాల్లో లంబసింగి దారిలో కార్లు బారులు తీరతాయి. సోమవారం బయల్దేరి గురువారం తిరిగొచ్చేలా చూసుకోండి.

ముందు బండి సంగతి. ఇద్దరూ సామానూ కలిస్తే వెనక చక్రం మీద పడే బరువు మామూలుగా మనం ఊహించేదానికంటే ఎక్కువ. చాలా 150 సీసీ బండ్లకు ముందు టైరులో 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికి 32 పీఎస్‌ఐ గాలి ఉంటుంది. మీ బండి లెక్క పుస్తకంలోనో చైన్ కవరు మీది స్టిక్కర్‌లోనో చూసుకోండి. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. వెనక షాక్ అబ్జార్బర్లను రెండు మెట్లు బిగించండి, లేకపోతే గుంత పడ్డప్పుడల్లా అడుగుదాకా దిగి తన్నుతుంది, పైగా హెడ్‌లైట్ ఆకాశంలోకి చూస్తుంది. చైన్ వదులు మాత్రం ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక మూడో మనిషి చేత చూపించుకోండి. స్టాండ్ మీద సరిగ్గా ఉన్న చైన్ బరువు పడగానే బిర్రుగా అవుతుంది.

బరువైనవి, అంటే నీళ్లు, పనిముట్లు, స్టవ్వు పక్క సంచుల్లో కిందకి, వీలైనంత ముందుకి. గుడారం, స్లీపింగ్ బ్యాగులు పైన. సీటు చివర ఎత్తుగా కట్టిన మూట వెనక్కి లాగి, మలుపులో హ్యాండిల్‌ని తేలిక చేస్తుంది. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్, చేతి పంపు, పుల్లల చక్రమైతే వెనక ట్యూబు ఒకటి, రెండు లివర్లు. పాడేరుకీ చింతపల్లికీ మధ్య పంక్చర్ షాపు మీద ఆశ పెట్టుకోవద్దు. కొత్త క్లచ్ వైరు ఒకటి పాతదాని పక్కనే ట్యాగులతో కట్టి ఉంచితే, తెగిన రోజున రెండు కొసలు మార్చుకుంటే సరిపోతుంది. రెండో తాళంచెవి వెనక కూర్చున్నవాళ్ల దగ్గరుండాలి, డబ్బులు కూడా ఇద్దరి దగ్గరా సగం సగం. ఇవన్నీ చాదస్తంగా అనిపిస్తే మీ ఇష్టం.

మొదటి రోజు కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్. ఎస్.కోటలో ట్యాంకు నింపుకోండి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, పాడేరు ఇంకో 45. బొర్రా గుహలు ఈ దారికి పక్కన, చూడనివాళ్లు చూడండి, కానీ రెండు గంటలు పోతాయి. అసలు సరుకు పాడేరు పక్కనున్న వంజంగి కొండ మీద తెల్లవారుజామున ఉంది కాబట్టి రాత్రికి అరకులో ఆగకుండా పాడేరు చేరుకోవడం మేలు, అదీ చీకటి పడకముందే. డిసెంబర్‌లో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. అరకు దాటాక వచ్చే చాపరాయి దగ్గర బండల మీద నీళ్లు పల్చగా పారుతూ ముచ్చటగా ఉంటాయి. ఆ పల్చటి నీటి కిందే నాచు ఉంటుంది. చెప్పులతో కాదు, వట్టికాళ్లతో కూడా కాదు, గ్రిప్పున్న బూట్లతో పొడి బండ మీదే నడవండి.

పాడేరులో లాడ్జి. ఆ రాత్రి గుడారం వేస్తే తెల్లవారుజామున మడిచే సరికే పొద్దెక్కిపోతుంది. నాలుగింటికి లేచి వంజంగి కొండ కిందకి చేరాలి, బండి ఆపిన చోటునుంచి చీకట్లో రాళ్ల దారిలో నడక. తల లైట్లు రెండు, ఒక్కొక్కరికీ ఒకటి. ఇద్దరికీ ఒక్క లైటుంటే వెనకవాళ్ల అడుగు ఎప్పుడూ నీడలోనే పడుతుంది. సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య. కొండ మీంచి కింద లోయలో కనిపించే మేఘాల సముద్రం రోజూ ఉండదు. ముందురోజు నేల తడిగా ఉండి, రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే లోయలో మంచు నిండుతుంది. రాత్రి పదింటికి చుక్కలు స్పష్టంగా కనిపించి ఆకు కదలకపోతే అలారం పెట్టుకోండి. మబ్బు పట్టి గాలి వీస్తుంటే హాయిగా పడుకోండి.

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి. దారిలో కొత్తపల్లి జలపాతం. ఈ దారి రాజమహేంద్రవరం, విజయనగరం మధ్య 516ఈ జాతీయ రహదారి, విస్తరణ పనుల వల్ల కొన్నిచోట్ల నల్లటి తారు ఉన్నట్టుండి కంకరలోకి దిగుతుంది. ఇద్దరితో ఉన్న బండి కంకరలో ముందు బ్రేకు పట్టుకుంటే పడుతుంది. వేగం కంకర ముందే తగ్గించి, లోపల బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. వెనకవాళ్లు మలుపులో భయపడి అవతలి పక్కకి వాలకూడదు, బండి ఎటు వాలితే అటే, మూటలాగా. నిజానికి మంచి వెనక సవారీ అంటే ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే, అది ఎంత కష్టమో కూర్చున్నవాళ్లకే తెలుసు.

రెండో రాత్రి గుడారం లంబసింగికి దగ్గర్లోని తాజంగి జలాశయం వైపు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, బయట నిలబడితే కర్రలా బిగుసుకుపోతారని. ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలే తగ్గాలి, మరి అంత చలి ఎందుకు? చుట్టూ కొండలుండి మధ్యలో గిన్నెలా ఉండటం వల్ల. తేట రాత్రుల్లో నేల వేడి పైకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట జారి గిన్నె అడుగున చేరుతుంది. అందుకే నీటి ఒడ్డున గుడారం వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఫొటోకి బాగుంటుంది, తెల్లారేసరికి లోపలి గుడ్డ కూడా తడిసి కారుతుంది. ఒడ్డు నుంచి ఇరవై ముప్పై మీటర్లు ఎత్తుకి, చెట్టు కొమ్మల కిందకి జరగండి. అక్కడ మంచు తక్కువగా పడుతుంది. ఎక్కడపడితే అక్కడ కాకుండా ఊళ్లో అడిగి, గుడారాలకు చోటిచ్చేవాళ్ల దగ్గరే వేయండి. అడవి శాఖ స్థలంలో అనుమతి లేకుండా వద్దు.

గుడారం రెండు వైపులా గాలి సందు తెరిచే ఉంచాలి. చలికి భయపడి అన్నీ మూసేస్తే ఇద్దరి ఊపిరి ఆవిరే గుడ్డకి నీళ్లై కడుతుంది. చలి పైనుంచి కాదు, కింద నేల నుంచి వస్తుంది, రెండో దుప్పటి కప్పుకోవడం కంటే కింద రెండో చాప వేసుకోవడం నయం. కుంపటిగానీ స్టవ్వుగానీ గుడారంలోకి తీసుకెళ్లకండి, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బ్యూటేన్ డబ్బా చలికి మొండికేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర ఆ గ్యాస్ ఆవిరి కావడమే మానేస్తుంది, అయిదారు డిగ్రీలకే మంట నీరసిస్తుంది. రాత్రి డబ్బాని స్టవ్వు నుంచి తీసి బట్టల మధ్య చుట్టి పెట్టుకుంటే పొద్దున టీ కాగుతుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది. పొద్దు గూకగానే నిండు చేతుల చొక్కా, దోమల మందు. తిరిగొచ్చాక వారాల్లోనైనా, నెలల తర్వాతైనా జ్వరమొస్తే మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.

మూడో రోజు లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీంచి మంచు చూసి, మంచు విడేదాకా ఘాట్ దిగకండి, అంటే తొమ్మిది దాటాలి. డౌనూరు వైపు దిగుడులో రెండో గేరు, మూడో గేరు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు ఒక్కటే బరువంతా మోయాలి, డ్రమ్ వేడెక్కి పట్టు జారుతుంది. మాడిన వాసన వచ్చినా, లివర్ మెత్తగా లోపలికి పోతున్నా ఆగి పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు పొయ్యకండి. నర్సీపట్నం దాటాక ఎండలో గుడారం విప్పి ఆరేయండి. తడిదే మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు వాసన పట్టుకుంటుంది, మళ్లీ పోదు. రాత్రికి అనకాపల్లి.

నాలుగో రోజు పొద్దున్నే కొండకర్ల ఆవ. మంచినీటి సరస్సు, చలికాలంలో పక్షులు. ఇక్కడి దోనెలు రెండు తాటి మాన్లు తొలిచి జత కట్టినవి. నీటికి బెత్తెడు ఎత్తులో ఉంటాయి కాబట్టి ఫోన్లు ప్లాస్టిక్ సంచిలో, లైఫ్ జాకెట్ ఒంటి మీద. పక్షి కనిపించగానే ఇద్దరూ ఒకే పక్కకి వంగారంటే దోనె కూడా వంగుతుంది. ఎనిమిది లోపే వెళ్లండి, తర్వాత పక్షులు తుంగలోకి పోతాయి.

తంతడిలో సముద్రం చూడ్డానికే, ఈదడానికి కాదు. అలలు విరుగుతున్న చోట్ల మధ్య నురగ లేకుండా ప్రశాంతంగా కనిపించే పట్టీయే ప్రమాదం, నీరు లోపలికి పోయే దారి అదే. లాగేస్తే ఒడ్డుకేసి కాకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. మోకాలి లోతు చాలు. రాత్రి ఉండొద్దనే అంటాం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, మంటా టార్చీ వాటిని తిప్పి పంపేస్తాయి. బండిని గట్టి నేల మీదే నిలపండి, సైడ్ స్టాండ్ కింద చదునైన రాయి పెట్టండి. ఇంటికి రాగానే ఆ సాయంత్రమే మంచినీళ్లతో చైనూ, రిమ్ములూ, బ్రేకులూ కడిగి, ఆరాక నూనె వేయండి. పొద్దున చూద్దాంలే అని వదిలేస్తే చైన్ మీద ఎర్ర తుప్పు అప్పటికే మొదలై ఉంటుంది.